‘ఫిట్’ అనే గడి

బడి పెద్దసారుతో మైదానానికి అనుమతి రాయించుకోవాలి. ఒక కంపెనీవాళ్లు ఇస్తామన్న కబడ్డీ మ్యాట్ కోసం మళ్లీ ఫోన్ చేయాలి. పంచాయతీ నీళ్ల ట్యాంకర్ మాట్లాడాలి. పన్నెండు మంది పిల్లల వివరాలు నింపి, దవాఖానలో ముద్ర వేయించాలి.

ఊరి జట్టు బాధ్యత భుజాన వేసుకున్న కళ్యాణి నెల రోజుల్లో ఇవన్నీ చేసింది. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. కాగితం పనిలో తనను ఎవరూ వేలెత్తి చూపకూడదని పట్టుదల. బడి, దవాఖాన, పంచాయతీ, కంపెనీ తలా ఒక చెయ్యి వేస్తేనే దంతాలపల్లి ఆడపిల్లల జట్టు భూపాలపల్లి పోటీల దాకా వచ్చింది.

పోటీ మొదలైంది. జట్టులోని భాగ్య కూతకు వెళ్లబోతోంది. ఎదుటి జనగామ పిల్లలు అరిచారు: “దంతాలపల్లోల్లూ, దంతాలు పైలం!”

“ముందుగాల మీయి లెక్కవెట్టుకోండ్రే!” అని భాగ్య గీత దాటింది.

అప్పుడే ఆమె తల్లి వీరమ్మ కళ్యాణికి ఫోన్ చేసింది.

“బిడ్డా, పిల్ల గోలీలు ఇంట్లనే మర్శింది. రెండు పూటలాయె. జర ఆడ కొనిస్తవా?”

“ఏం గోలీలక్కా?”

“ఫిట్స్ గోలీలు. నువ్వడిగితే చెప్పిన గదా.”

కళ్యాణికి తను నింపిన కాగితం గుర్తొచ్చింది. అందులో ‘ఫిట్’ అని ఒక గడి ఉంది. వివరాలు రాసుకున్న రోజు పత్తి చేలో కూలీల మధ్య నిలబడి, “భాగ్య ఫిట్‌గ ఉన్నదా అక్కా?” అని అడిగింది తనే. “ఉన్నది బిడ్డా, చిన్నప్పటి సంది ఉన్నది” అంది వీరమ్మ. కళ్యాణి నవ్వుకుని టిక్కు పెట్టింది. దవాఖానలో మొత్తం జాబితాకు ఒకటే ముద్ర పడింది. దవాఖాన చూసే ఉంటుందని బడి, కళ్యాణి అడిగే ఉంటుందని దవాఖాన అనుకున్నాయి.

“భాగ్యా, ఆగు!” కళ్యాణి చెప్పులతోనే మ్యాట్ మీదికి ఉరికింది. అంపైర్ విజిల్ వేశాడు.

“ఏందక్కా గిది! పాయింటు పాయె గ...”

భాగ్య మాట సగంలో ఆగింది. చూపు ఎక్కడో నిలిచిపోయింది. కళ్యాణి అందుకునేలోపే భాగ్య కొయ్యలా పడి కొట్టుకోసాగింది.

“తాళాలు చేతిల పెట్టుండ్రి!” ఎవరో అరిచారు.

“ఏ తాళాలొద్దు, జరగుండ్రి!” జట్టు వెంట వచ్చిన నర్సు మరియం బీ మోకాళ్ల మీద కూర్చుంది. “కళ్యాణీ, పక్కకు తిప్పు. నోట్ల ఏం పెట్టకు. టైం చూడు.”

ఒక నిమిషం. రెండు. భాగ్య పెదవులు నీలంగా మారుతున్నాయి. మూడు. నాలుగో నిమిషంలో ఒళ్లు వదులైంది. గురకలా ఊపిరి వచ్చింది.

కింద పడ్డ ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. “హలో... బిడ్డా... ఎవలు వడ్డరు?”

“భాగ్య వడ్డదక్కా. ఊపిరాడుతున్నది. దవాఖానకు తీస్కపోతున్నం. తప్పు నాది. నువ్ చెప్పింది నేను సమజ్ చేస్కోలే.”

“నేనైతే దాచలే బిడ్డా” అంది వీరమ్మ.

దాచలేదు. ఆడపిల్లకు ఈ జబ్బుందంటే గడప దాటనివ్వని ఊళ్లో, తోటి కూలీలందరూ వింటుండగా చెప్పింది. ఆ పోటీలో ఎవరు గెలిచారో మీరు మరిచిపోయినా పరవాలేదు. వీరమ్మను మాత్రం గుర్తుపెట్టుకోండి.