డబ్బా నిండలేదు

“ఏటే, గడియకోపాలి దొడ్లోకి? మొగోళ్ళు కూకుంతారు, సిగ్గు నేదేటి?” చిలకమ్మ కాపురానికొచ్చిన కొత్తలో అత్త నూకాలమ్మ అన్న మాట ఇది. హిందీవాళ్ళ ఊరు బాగ్‌బేరాలో వాళ్ళ రైల్వే క్వార్టరుకి మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. ఆ దారిలోనే మామ ముసలయ్య మంచం. ఇంటిల్లిపాదికీ బోరింగు నీళ్ళు మోసే చిలకమ్మ తను మాత్రం గుక్కెడు తాగడానికి భయపడేది. తాగితే వెళ్ళాలి కదా! ఇదంతా ఆడదాని మర్యాదే అనుకుంది పిచ్చిది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆమెకు గుండెదడ పట్టుకుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే ఒళ్ళంతా చెమటలు, తలపోటు, బీపీ. డాక్టరు ఒక పెద్ద డబ్బా చేతికిచ్చి, “రేపు పొద్దున మొదటిసారి మూత్రం వదిలెయ్యి. ఎల్లుండి పొద్దుటిదాకా ప్రతి చుక్కా ఇందులోనే పట్టు. మనిషి నలిగినప్పుడు ఊరే హార్మోను ఎంత పోతోందో చూసి మందిస్తాను,” అన్నాడు హిందీలో. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు డబ్బాను కొంగు కింద దాచి గుమ్మందాకా వెళ్ళింది. మామ మంచం మీదే ఉన్నాడు. “ఏటమ్మా అది?” అన్నాడు. ఆమె గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. డబ్బా తలుపు మూల పెట్టేసి ఉత్త చేతులతో వెళ్ళొచ్చింది. రోజంతా అదే వరస. చీకటిపడి మామ లోపలికొచ్చాక పట్టింది మాత్రమే అందులో మిగిలింది.

పొద్దున్నే భర్త ఆదిబాబు డబ్బా ఎత్తి ఊపాడు.

“ఇంతేనా? డాట్రు నవ్వడా? నా పరువు తీసీడానికే పుట్నావు!” అని విసుక్కుంటూ దాన్ని పట్టుకుని పెరట్లోకి పోయాడు. తిరిగొచ్చేసరికి అది సగానికి పైగా నిండింది. “ఎవులిదైతే ఏటి? ఒకటే గదా.”

చిలకమ్మ అంతా చూసింది. ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది, ఏమని చెప్పుకుంటుంది? ఛీ, ఏం బతుకిది అనుకుంటూ డబ్బాకు తువ్వాలు చుట్టి రిక్షాలో ఒళ్ళో పెట్టుకుంది.

వారం తర్వాత డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడు. “హార్మోను మామూలుగానే ఉంది. మందులక్కర్లేదు. అంతా ఈవిడ ఊహే.”

ఆదిబాబు పకపకా నవ్వాడు. “నాను ముందే సెప్పినాను సార్, పని తప్పించుకోడానికి యేసాలు!”

చిలకమ్మకు ముఖం మండిపోయింది. గుండె మళ్ళీ దడదడలాడుతోంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఈ దడను ఇక ఎవరూ పట్టించుకోరని తెలుసు. ఆదిబాబు అప్పుడే కుర్చీలోంచి లేచి, “పద,” అన్నాడు. ఆమె లేవలేదు.

“డాట్రుబాబూ,” అంది తనకొచ్చిన బజారు హిందీలో. “దాంట్లో నాది కొంచెమే. మిగతాదంతా ఈయనది. నాకింకో డబ్బా ఇవ్వండి. ఈసారి మా మామ చూస్తుండగానే పట్టుకెళ్తాను.”