ఊరంతటికీ ఒకటే మూత

టైలరమ్మ కొట్టు గుమ్మం ముందు మురుగుకాలువ గుంతకి మూత లేదు. ఆమె అత్తగారికి చూపు సగం పోయింది. అయినా రోజూ పొద్దున్నే ఆ గుంత పక్కనుంచే గోడ తడుముకుంటూ కొట్టుకొస్తుంది, గుండీలు కుట్టడానికి. కిందటి వారం ఒక చెప్పు అందులో పడింది. మనిషి పడకపోవడం అదృష్టం.

టైలరమ్మ నగరపాలక సంస్థ యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. అబ్బో, ఎంత మర్యాదో! మర్నాడే జవాబు: ‘మీ సమస్య పరిష్కారమైంది. నక్షత్రాలివ్వండి.’ కింద ఫోటో కూడాను. అందులో ఆమె కొట్టు బోర్డు, దాని ముందు నిగనిగలాడే మూత. బయటికొచ్చి చూస్తే గుంత నోరు తెరుచుకునే ఉంది. మళ్లీ పెట్టింది. మళ్లీ పరిష్కారమైంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మూడోసారి పెట్టి, మధ్యాహ్నం అన్నానికి కూడా వెళ్లకుండా తలుపు చాటున కాపు కాసింది. వ్యాన్ వచ్చింది. ఇద్దరు దిగి, మూత దింపి, గుంత మీద పెట్టి, ఫోటో తీసి, మళ్లీ ఎత్తబోయారు.

"ఆగండయ్యా! ఎక్కడికి మోసుకెళ్తున్నారు?"

"ఇంకా పదకొండు గుంతలున్నాయమ్మా," అన్నాడు ఫోటో తీసినవాడు, దాపరికమేమీ లేకుండా. "రెండ్రోజుల్లో ఫోటో పెట్టకపోతే పైవాళ్లు మమ్మల్ని తినేస్తారు. ఫోటోలో మూత ఉండాలన్నారు గానీ, ఇక్కడే ఉండిపోవాలని ఎవరన్నారు?"

"సిగ్గులేదూ? మా అత్తయ్య పడితే?"

"పడితే ఇంకో ఫిర్యాదు పెట్టండి. దానికి వేరే బటన్ ఉంది."

టైలరమ్మ మూతకి అడ్డంగా నిలబడింది. ఈలోగా అత్తగారు లోపల్నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, మూత మీద వేసుకుని దర్జాగా కూర్చుంది.

"ఎత్తుకెళ్లండి నాయనా. నాతో సహా."

బతిమాలారు, బెదిరించారు. ఆవిడ చొక్కా ఒళ్లో పెట్టుకుని గుండీలు కుడుతూనే ఉంది. చివరికి "పద, స్టోర్లోంచి ఇంకోటి తెద్దాం" అని గొణుక్కుంటూ పోయారు. అంటే స్టోర్లో ఉన్నాయన్నమాట!

సాయంత్రం మెసేజ్: ‘మీపై ఫిర్యాదు: ప్రభుత్వ మూతపై వృద్ధురాలి ఆక్రమణ.’ మర్నాడు అత్తగారు కుర్చీతో సహా అన్నానికి లేవగానే ఎవడో వచ్చి ఖాళీ మూతకి ఫోటో తీసుకున్నాడు. వాడి పని ఫోటో వరకే, మూత జోలికి పోలేదు. ‘ఆక్రమణ తొలగించాం. నక్షత్రాలివ్వండి.’ టైలరమ్మ ఐదుకి ఐదూ ఇచ్చింది.

ఆ వారంలోనే పక్కవీధిలో సైకిళ్లు బాగుచేసే ఆయన మొహమాటపడుతూ వచ్చాడు.

"అక్కా, రేపు మా వీధికి వ్యాన్ వస్తోంది. మా పిల్లలు అక్కడి మూతలేని గుంత దాటే బడికెళ్తారు. మీ అత్తగారిని ఒక్క పూట పంపిస్తావా?"

అత్తగారు పళ్లతో దారం తెంపింది.

"వస్తాలే. కుర్చీ మాత్రం నువ్వే మోసుకెళ్లాలి."