ఒకే రాత్రికి రెండు జాగారాలు

కృష్ణయ్య నోటి ఆవిరి పట్టించి అద్దాన్ని తుడుస్తున్నాడు. ప్రొజెక్టర్‌లో కార్బన్ పుల్లలు మండే చోట, వాటి వెనకాల పళ్లెమంత గుండ్రటి అద్దం ఒకటుంటుంది. వెలుగునంతా తెర మీదికి తోసేది అదే. రాత్రి ఆటల మసి దాని మీద మిగిలిపోతే పొద్దుటి ఆటలో హీరో మొహం కూడా మసకబారి కనిపిస్తుంది. అందుకే రోజూ వచ్చీ రాగానే ఈ పని. ఇవాళ శివరాత్రి ఒక్కపొద్దు కావడంతో గుక్కెడు చాయ్ కూడా పడలేదు. నోరెండిపోయి ఆవిరి సరిగా రావడం లేదు. గుడ్డనే గట్టిగా రుద్దాడు.

సినిమా హాల్లో పనిచేసేవాడికి పండగెక్కడిది చెప్పండి. లోకానికి సెలవైతే వాడికి పని. దసరాకి కొత్త సినిమా, దీపావళికి కొత్త సినిమా, ఉగాదికి హౌస్‌ఫుల్ బోర్డు. నారాయణగూడలోని ఆ హాల్లో పనికి చేరినప్పటి నుంచీ కృష్ణయ్య పండగ పూట ఇంట్లో విస్తరేసుకుని కూర్చున్నది లేదు. అశోక్‌నగర్ గల్లీలోని కిరాయి గదిలో అతని భార్య కమలవ్వ వండినదంతా మూతపెట్టి, ఆయన వచ్చేదాకా కూర్చుని, చల్లారినదే తినేది. పిల్లలు లేరు. ఇద్దరే మనుషులు, ఆ ఇద్దరికీ వేళ కుదరదు.

ఏడాది మొత్తానికి కుదిరేది ఒక్క శివరాత్రే. నిజానికి ఆ రాత్రి హాలుకి మరీ పని. జాగారం చేసేవాళ్ల కోసం తెల్లవార్లూ ఆటలేస్తారు. అయినా కృష్ణయ్యకి సెలవు దొరికేదంటే అది పెద్ద ఆపరేటర్ గౌస్ మియా పుణ్యం. ఆ రాత్రంతా ప్రొజెక్టర్లుండే మిషన్ గదిలో ఆయనొక్కడే నిలబడేవాడు. కృష్ణయ్య కమలవ్వను తీసుకుని చిక్కడపల్లి శివాలయానికి వెళ్లేవాడు. భజన మొదలైన కాసేపటికే ఆమె అతని భుజం మీద వాలి నిద్రపోయేది. తెల్లారాక, నేనెక్కడ పడుకున్నానని దబాయించేది. ఆ దబాయింపు కోసమే అతను ఏడాదంతా ఎదురుచూసేవాడంటే నమ్మాలి.

బదులుగా శుక్రవారం నమాజుల వేళ, రంజాన్ పండగ రోజు, ఆ నెల ఇరవయ్యేడో రాత్రి జాగారానికి మిషన్ కృష్ణయ్య చేతిలో ఉండేది. దీనికి కాగితం లేదు, సాక్షులు లేరు. మేనేజర్లు మారినా ఈ ఏర్పాటు మారలేదు. కాకపోతే రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి వస్తుంది కదా. వానాకాలంలో ఉండే పండగ ఎండల్లోకి, ఎండల్లోంచి చలిలోకి వచ్చేసింది. "నా రంజాను నడుసుకుంట నడుసుకుంట నీ శివరాత్రి మీదికి వస్తున్నది, కిష్టయ్యా" అని గౌస్ మియా నవ్వేవాడు. కృష్ణయ్యా నవ్వేవాడు. వచ్చినప్పుడు ఏంచేయాలో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఈ ఏడు, తొంభై అయిదులో, వచ్చేసింది. శివరాత్రి, ఇరవయ్యేడో రాత్రి ఒక్కటే రాత్రయ్యాయి.

మేనేజరు సూర్యప్రకాశరావు చెడ్డవాడు కాదు. మూడో మనిషి కోసం కోఠి వైపు హాళ్లలో అడిగి చూశాడు. శివరాత్రి పూట ఆపరేటర్‌ను ఎవడిస్తాడు? మీలో ఒకరు వెళ్లండి, ఎవరనేది మీరే తేల్చుకోండని చేతులు దులిపేసుకున్నాడు. కృష్ణయ్యకి ఇందులో తేలాల్సిందేమీ కనిపించలేదు. గౌస్ మియా ఎప్పటిలాగే "నువ్వు పో" అంటాడు. తను కాసేపు వద్దని, తర్వాత వెళ్తాడు. ఆ ధీమాతోనే పొద్దున కమలవ్వకి మాటిచ్చి వచ్చాడు. ఆమె కూడా గుడికి కట్టుకునే చీర మడత విప్పి దండెం మీద ఆరేసింది.

మధ్యాహ్నం ఆటకి ముందు గౌస్ మియా మెట్లెక్కి వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కార్బన్ పొగ పీల్చీ పీల్చీ వచ్చిన దగ్గు, వేళ్ల మీద నిప్పురవ్వల మచ్చలు. గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాక అన్నాడు.

"కిష్టయ్యా, ఈ రాత్రి నాకు గావాలె. మా ఇంటామె మెహరున్నీసా పోయినంక మొదటి జాగ్‌నే కీ రాత్. ఆమె పేరు మీద జాగారం కూసోవాలె."

ఇన్నేళ్లలో ఆయన నోరు తెరిచి ఇది కావాలని అడగడం అదే మొదలు. కాదనే వీలు లేదని కృష్ణయ్యకి తెలుసు. సరే అనడానికి మాత్రం మనసు రాలేదు. గౌస్ మియా ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. కృష్ణయ్య రీలు డబ్బా చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు.

ఇంటికెళ్లి చెప్పి రావడానికి సైకిల్ మీద ఎంతోసేపు పట్టలేదు. కమలవ్వ గుమ్మంలో కూర్చుని పూజకి వత్తులు చేస్తోంది. విన్నాక చేతిలో వత్తి పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"మంచిదేనయ్యా. భార్య పోయిన మనిషి, పోనియ్" అంది. లేచి, దండెం మీది చీర తీసి, వచ్చిన మడతల్లోనే మళ్లీ మడతపెట్టింది. ఏడ్చినా, తిట్టినా బాగుండేది. ఆ మడతలు చూసేసరికి కృష్ణయ్యకి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలియక తిన్నగా గౌస్ మియా మీద పెట్టాడు.

సాయంత్రం మొదటి ఆట మొదలైంది. మిషన్ గదికి కిటికీ లేదు. తెర వైపు చిన్న అద్దాల కంతలే. మిషన్ రొదలో, సినిమా మోతలో బయట సంగతి ఏదీ వినిపించదు. అందుకని రంజాన్ నెలంతా పొద్దు గూకే వేళ కృష్ణయ్య వెనక ఇనప మెట్ల మీద నిలబడేవాడు. మసీదు సైరన్ వినగానే తలుపు తట్టేవాడు. అప్పుడు గౌస్ మియా ఉపవాసం విడిచేవాడు. ఆయన గడియారం చూసుకునేవాడు కాదు. కృష్ణయ్య తట్టడమే ఆయనకి సైరన్.

ఆ రోజూ కృష్ణయ్య మెట్ల మీదే ఉన్నాడు. కింద బండి మీద పుచ్చకాయలు, ఉడికిన కందగడ్డలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకునే గుడికి పోతున్నారు. సైరన్ కూసింది. కృష్ణయ్య లేవలేదు. ఆయనకు మాత్రం తెల్వదా, చూసుకుంటడు తియ్యి, అనుకున్నాడు. అలా అనుకోవడం తప్పని అనుకునేటప్పుడే తెలుసు. వీధి దీపాలు వెలిగాయి. చిక్కడపల్లి వైపు నుంచి మైకులో శివనామం మొదలైంది. తన ఒక్కపొద్దు విడిచే వేళ కూడా అయిందని జేబులోని పొట్లం విప్పి ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. సగం నమిలాక గుర్తొచ్చింది. అది పొద్దున గౌస్ మియా ఇచ్చిన ఖర్జూరమే. "ఈసారి ఇద్దరం ఒకటేసారి ఇడుద్దాం" అని చేతిలో పెట్టాడు.

గింజ ఉమ్మేసి లోపలికి పరుగెత్తాడు. గౌస్ మియా కంతలోంచి తెర చూస్తూ, కార్బన్ పుల్లల్ని జరిపే మర మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. పక్కన స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు, దాని మీద స్టీలు మూత. మూత తీయలేదు. పెదవులు తెల్లగా ఎండిపోయాయి.

"సైరన్ గాలేదా ఇంకా?" అన్నాడు తిరక్కుండానే.

"ఇప్పుడే అయింది" అన్నాడు కృష్ణయ్య.

గౌస్ మియా నమ్మాడు. బిస్మిల్లా అని ఖర్జూరం కొరికి, గ్లాసెత్తి ఆత్రంగా రెండు గుక్కలు తాగాడు. అంతలో తెర మీద మూలన చుక్క పడింది. రీలు మారే గుర్తు అది. గ్లాసు దించి, మసి పడకుండా మూతపెట్టి, రెండో మిషన్ అందుకున్నాడు. ఆ రీలు సర్దుకున్నాక టోపీ పెట్టుకుని, నమాజుకి పరుచుకునే జానమాజ్ మడిచి భుజాన వేసుకున్నాడు.

"పగలు చెప్పనియ్యకనే పోతివి" అన్నాడు గుమ్మంలో ఆగి. "నాకు సగం రాత్రి సాలు. తెల్లారక ముందే వస్త. అప్పుడు నువ్వు కమలవ్వను తోలుకపో. ఆఖరి పూజకన్న అందుతరు."

మెట్ల మీద ఆయన దగ్గు కిందిదాకా వినిపించింది. పిలిచి నిజం చెప్పేద్దామా అనుకున్నాడు కృష్ణయ్య. వచ్చాక చెప్పొచ్చులే అని ఊరుకున్నాడు.

ఆయన రాలేదు. ఆటలన్నీ కృష్ణయ్యే వేశాడు. ఆఖరి పూజ వేళ దాటిపోతుంటే మొదట కోపమొచ్చింది. తర్వాత భయమేసింది. పొద్దెక్కాక సూర్యప్రకాశరావు ఇనప మెట్లెక్కి పైకొచ్చాడు. ఆ మనిషి ఎన్నడూ పైకి రాడు. గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పాడు. నమాజయ్యాక గౌస్ మియా మసీదులో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడట. నిద్రపోతున్నాడనుకుని ఎవరూ లేపలేదట. తెల్లారి చూస్తే ప్రాణం లేదట. ఇవాళ పొద్దుటి ఆట ఆపేద్దామని, మట్టి చెయ్యడానికి వెళ్లిరమ్మని చెప్పి దిగిపోయాడు.

ఆయన వెనకే కమలవ్వ వచ్చింది. గుడికి ఒక్కతే పోయొచ్చినట్టుంది, కొంగున బిల్వాకులున్నాయి. కింద సంగతంతా విన్నట్టుంది.

"ఇప్పుడే అయిందని చెప్పిన కమలా" అన్నాడు కృష్ణయ్య. "అప్పటికి సైరనై శానా సేపాయె. నా మీది నమ్మకంతోని నీళ్లు ముట్టకుండ దూపతో నిలవడ్డడు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కృష్ణయ్య ఏడుస్తూనే అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని అద్దం దగ్గరికెళ్లాడు. తుడవలేక స్టూలు మీదున్న గ్లాసు వైపు చూస్తూ నిలబడిపోయాడు. రాత్రి పడిన మసి మూతంతా సన్నగా పరుచుకుంది. దాని కింద, గ్లాసులో సగానికి పైగా మంచినీళ్లు అలాగే ఉన్నాయి.