అమ్మవారి కండ్లు, లెస్టర్ సోమవారం

ఆళ్లగడ్డలో శిల్పి సంజీవయ్య ఇంటికి ఇంగ్లీషులో ఏ ముక్క వచ్చినా వినీతే చదవాలి. రోజూ బస్సెక్కి నంద్యాల పోయి డిగ్రీ చదివిన కూతురాయె! ఇంగ్లండులో లెస్టర్ నుంచి కోకిలాబెన్ అనే గుజరాతీ పెద్దామె అంబామాత విగ్రహం చేయించుకుంటోంది. కండ్లు చెక్కేటప్పుడు ఫోనులో చూస్తానంటూ గురువారం మనవరాలి చేత ‘మండే వీక్, హాఫ్ టెన్’ అని రాయించింది. హాఫ్ టెన్ అంటే వాళ్ల గడియారంలో పొద్దున పదిన్నర, ఇక్కడ మధ్యాహ్నం మూడు. అంతవరకు వినీత బాగానే లెక్కగట్టింది. మండే వీక్ అంటే రాబోయే సోమవారమేనని నాయనకు ధీమాగా చెప్పేసింది.

ఇంకేముంది! తిండీ నిద్రా మాని కండ్లు తప్ప పనంతా ముగించారు. సోమవారం మూడింటికి అమ్మవారి కండ్లు తెరిచే బంగారు ఉలి, వెండి సుత్తి పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నారు. అవతల ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు.

“మంచి గడియ దాటిపోతాండాదన్నా. చెక్కేయ్, వీడియో పంపిద్దాం” అని చిన్నాయన రాజశేఖర్ తొందరపెట్టాడు.

సంజీవయ్య ఉలి ముట్టలేదు. “చేయించినోళ్లు చూడకుండా మన ఇంట్లో ఎవురూ కండ్లు తెరవలేదప్పా. తెరిచినాక మళ్లా మూయలేం.”

సాయంత్రం మనవరాలి జవాబు వచ్చింది. మండే వీక్ అంటే వాళ్ల ఊళ్లో ఆ పై సోమవారమట. పెద్దామెకు శుక్లాలు ముదిరి ఏమీ కనపడడం లేదట. ఈ రోజే ఆపరేషన్ అయింది, శుక్రవారం కట్టు విప్పుతారట.

వినీత ఫోను నాయన ముందు పెట్టేసింది. “నా వల్ల అంతా పాడయ్యేది నాయనా!”

“ఏందీ పాడయ్యేది? ఉలి ఈడనే ఉండాది గదా. నువ్వు చదివి చెప్పకపోతే ఆమె మనకు యాడ తెలుసు?”

తిట్లు తినడానికి సిద్ధపడిన పిల్లకు కళ్లనీళ్లు ఆగలేదు. నాయన మొండితనానికి మనసులోనే వేయి దండాలు పెట్టుకుంది.

పై సోమవారం సరిగ్గా మూడింటికి కోకిలాబెన్, కట్టు విప్పినప్పటి నుంచి పెట్టుకున్న నల్లద్దాలు తీసింది. వినీత ఫోనును విగ్రహం ముఖానికి ఎదురుగా పట్టుకుంది. కంటి మీద సంజీవయ్య ఉలి చివరి దెబ్బ పడింది. పెద్దామె ఫోనుకు దగ్గరగా జరిగి, చేతులు జోడించి, ఇంగ్లీషులో రెండు ముక్కలు అని ఏడ్చేసింది.

“ఏమంటాంది?” అన్నాడు సంజీవయ్య.

నల్లద్దాలు తీసి నేను కళ్లారా మొదట చూసింది ఈ అమ్మనే అంటోందని చెప్పబోయింది వినీత. ఏడుపు ముంచుకొచ్చి ఫోనును నాయన వైపు తిప్పింది.

“పోనీలేమ్మా, తెలిసింది” అని సంజీవయ్య భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.