లోవ మొలతాడులో డచ్చి నాణెం

నేను ఒక డచ్చి రాగి నాణేన్ని. ఒక వైపు అలల్లోంచి పైకి లేస్తున్న సింహం, రెండో వైపు ఒకదానిలో ఒకటి అల్లుకున్న డచ్చి కంపెనీ పొడి అక్షరాలు, 1754 అనే అంకెలు. తెలిసినవాళ్లు చూస్తే నన్ను ఇట్టే గుర్తుపడతారు. డచ్చి దేశంలోని జీలాండ్‌లో అచ్చయి, ఓడెక్కి భీమునిపట్నం చేరాను. అద్దకం బట్టలు కొన్న దొరల చేతుల్లోంచి నేతగాళ్ల రొంటికి, అక్కణ్ణించి బియ్యం కొట్టుకు తిరిగాను. కంపెనీ పోయాక నన్ను పుచ్చుకునేవాళ్లు లేరు. అప్పటిదాకా నా కోసం కొట్టుకున్న మనుషులే నన్ను ఇసుకలో పారేశారు.

దాదాపు రెండు వందల ఏళ్లకు మాసేనమ్మ అనే జాలరి ముసలమ్మ వల ఆరేస్తుంటే కాలికి తగిలాను. దిష్టి తగలకుండా అంచున బెజ్జం పొడిపించి, మనవరాలు లోవ మొలతాడుకు కట్టింది. మాటలింకా రాని ఆ పిల్ల నన్ను గుప్పిట పట్టుకుని నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం తాడు తెగింది. లోవ నన్ను నోట్లో పెట్టుకుంది. అంతే, చీకటి. మెత్తటి గోడలు నన్ను బిగించేశాయి. కదిలితే ఏమవుతుందో, కదలకపోతే ఏమవుతుందో తెలియదు. పిల్ల మింగలేక చొంగ కారుస్తోంది, ఊపిరి గురగురమంటోంది. కాపాడాలని కట్టిన నేనే గొంతుకు అడ్డుపడ్డాను.

విశాఖ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. అందులోని తెల్లటి గుండ్రాన్ని చూసి డాక్టరు జరీనా ముఖం మారింది. "ఇంట్లో బొమ్మలున్నాయా? ఇది బిళ్ల బ్యాటరీ అయితే గొంతు లోపల కాలిపోతుంది."

"బొమ్మకారులో బేటరీ కనబడ్డం లేదమ్మా," అని లోవ తల్లి నూకరత్నం గోడకు చేరగిలబడింది.

మాసేనమ్మ ఎక్స్‌రే దగ్గరికి వంగింది. "ఓలమ్మో! అంచున ఆ నల్ల సుక్క సూడమ్మా. అది బెజ్జం! నాను పొడిపించిందే. నా సేత్తో కట్టినాను... నా గుంటని నానే సంపేసినాను!"

"బ్యాటరీ కాదు కదా పెద్దమ్మా, అది చాలు," అంది డాక్టరు. " ఏడవకండి, తీసేస్తాం."

మత్తిచ్చారు. చల్లటి పట్టకారు నన్ను పట్టుకుంది, జారింది. నా నున్నటి అంచును నేనే తిట్టుకున్నాను. మళ్లీ పట్టుకుంది. వెలుగు!

స్టీలు పళ్లెంలో పడ్డాను. నా సింహాన్ని గాని, నా సంవత్సరాన్ని గాని ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ పిల్ల మీదే. మత్తు మెల్లగా దిగింది. లోవ గది అదిరేలా గుక్కపెట్టి ఏడ్చింది.

నర్సు పళ్లెం పట్టుకుని బయటికొచ్చింది. "పెద్దమ్మా, ఇది మీకు కావాలా?"

మాసేనమ్మ నా వైపు తలైనా తిప్పలేదు. "ఉండమ్మా," అంది, "ముందు ఆ గుంట ఏడుపు ఇననీ."

నేనూ విన్నాను.