ఓజెల్లా వెనక మిగిలినవాళ్లు

ఇలా దగ్గరికి వచ్చి కూర్చో తల్లీ. ఓజెల్లాను సాగనంపిన రోజు ఏం జరిగిందో చెబుతాను. ఆమె అన్నకొడుకు లావాన్ వేరేలా చెబుతాడు. వాడి మాట చెవిన పడకముందే ఇది విను.

మిసిసిపీ డెల్టాలో, మా ఊళ్లో, వెర్డెల్ ప్రూయిట్‌ను ఎరగనివాళ్లు లేరు. డెబ్బై ఆరేళ్ల మనిషి. నెత్తిన మగవాళ్ల టోపీ, గిటార్ తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్లు. పదిహేడేళ్లకే నల్లవాళ్ల ఓటు కోసం జైలు కూడు తిన్నది. తర్వాత చేపల ఫ్యాక్టరీలో ఆడవాళ్లు మూత్రానికి వెళ్లినా గడియారం చూసి మేస్త్రీలు అరుస్తుంటే, గేటు ముందు లారీ ఎక్కి మా నల్లవాళ్ల గోడు పాటలు, బ్లూస్, పాడుతూ మూడు నెలలు సమ్మె నిలబెట్టింది. ఆ మూడు నెలలూ లారీ దగ్గరికి చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె మోసుకొచ్చింది ఓజెల్లా. ఇద్దరూ నలభై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద బతికారు. ఊరందరికీ తెలుసు. తెలిసినదాన్ని నోటితో అనకపోవడమే మా ఊరి మర్యాద. ఆ మర్యాదే వెర్డెల్ కొంప ముంచింది.

ఆడా ఆడా పెళ్లి చేసుకోవచ్చని కోర్టు చెప్పిన ఏడాది వెర్డెల్ అడిగింది కూడా. "ఈ మోకాళ్లతో ఆఫీసు మెట్లు ఎక్కమంటావా? నేను నీదాన్నని వాళ్లు ముద్ర వేసి చెప్పాలా?" అని ఓజెల్లా నవ్వేసింది. అక్కడే జరిగింది పొరపాటు. ఓజెల్లా కన్నుమూయగానే, కాగితం మీద పెళ్లి లేదు కనక, శవం మీద హక్కంతా అన్నకొడుకు లావాన్ చేతికి పోయింది.

మాలో మనిషి పోతే చర్చిలో ఒక చిన్న పుస్తకం పంచుతారు కదా. పైన నవ్వుతున్న ఫొటో, లోపల పుట్టుక, బతుకు, చివర వెనక మిగిలినవాళ్ల పేర్లు. ఆ పేర్లవాళ్లే వరసగా శవపెట్టె వెనక నడిచి ముందు బెంచీల్లో కూర్చోవాలి. ఆ పుస్తకాన్ని బైబిల్లో పెట్టి తరాల తరబడి దాచుకుంటాం. రేపు పుట్టబోయేవాళ్లకు ఎవరు ఎవరివాళ్లో చెప్పేది అదే.

అంత్యక్రియల పొద్దున లావాన్ పుస్తకం తెచ్చి వెర్డెల్ చేతికిచ్చాడు. ఆమె కళ్లద్దాలు సవరించుకుని వేలు పెట్టి చదివింది. లావాన్, అతని భార్య, ఓజెల్లా మొహమైనా చూడని డెట్రాయిట్ చుట్టాలు ముగ్గురు. అందరి కింద, "మరియు ఎందరో స్నేహితులు."

"నేనెక్కడున్నాన్రా ఇందులో?"

"స్నేహితుల్లో ఉన్నారు కదా, మిస్ వెర్డెల్."

"మిస్ వెర్డెలా? పక్క తడిపి నా దుప్పట్లో దూరిన రాత్రుళ్లు ఆంటీ అనేవాడివి."

లావాన్ మెడ గోక్కున్నాడు. "రెవరెండ్ గారు ఇలాగే బాగుంటుందన్నారు. చర్చి కదా మరి. మీకు అటువైపు ఐదో బెంచీలో చోటు పెట్టించాను. అందరూ పుస్తకం మౌనంగా చదువుకునేటప్పుడు మీరు గిటార్ మెల్లగా వాయించాలట. అత్తకు మీ వాయింపంటే ప్రాణం కదా."

వెర్డెల్ ఒళ్లు భగ్గుమంది. ఆఖరి రెండేళ్లూ ఓజెల్లాను ఎత్తి కూర్చోబెట్టిన చేతులివి. తలకు నూనె రాసి జడలల్లిన చేతులు, నోట్లో ముద్ద పెట్టిన చేతులు. పేరు రాయడానికి పనికిరానివి వాయించడానికి పనికొచ్చాయన్నమాట. ఆనాటి ఓటు గొడవల్లో పోలీసు షెరీఫ్ కుక్క కరిస్తే శత్రువు కుక్క అనుకుని సరిపెట్టుకుంది. సొంతవాళ్లు ఇలా మెత్తగా చెరిపేస్తే ఏమని సరిపెట్టుకోవాలి?

"వాయిస్తానని చెప్పు," అని మాత్రం అంది.

చర్చి కిక్కిరిసింది. వరస నడిచింది, ముందు బెంచీలు నిండాయి. వెర్డెల్ ఐదో బెంచీలో ఒళ్లో గిటార్‌తో కూర్చుంది. రెవరెండ్ లేచి, "ఇక అందరూ మౌనంగా చదువుకోండి. సిస్టర్ వెర్డెల్ వాయిస్తుంది," అన్నాడు.

వెర్డెల్ నడిచి వెళ్లి పెట్టె పక్కన నిలబడింది. తీగ ముట్టలేదు.

"మౌనంగా చాలు రెవరెండ్. నలభై ఒక్క ఏళ్లు మీరంతా మమ్మల్ని మౌనంగానే చదివారు. ఇవాళ పైకి చదువుదాం."

"సిస్టర్, ఇది సారా కొట్టు కాదు. దేవుడి ఇల్లు."

"జైల్లో పాడాను, లారీ మీద పాడాను. అక్కడికొచ్చి విన్నవాడు తన ఇంట్లో చెవులు మూసుకుంటాడా?"

బ్లూస్‌లో ఒక మాట రెండుసార్లు అంటారు, మూడో మాట దానికి జవాబు. వెర్డెల్ గొంతెత్తింది.

"ఓజెల్లా వెళ్లిపోయింది, వెనక మిగిలిందెవరో చెప్పండి.
ఓజెల్లా వెళ్లిపోయింది, వెనక మిగిలిందెవరో చెప్పండి."

అంతే. జవాబు పాడలేదు. తీగల మీద అరచేయి మోపి జనం వైపు చూస్తూ నిలబడిపోయింది.

మావాళ్లు ఆకలికి ఓర్చుకుంటారు గానీ జవాబు లేని పాటకు ఓర్చుకోలేరు. బెంచీలు కిర్రుమన్నాయి. లావాన్ తన బూట్లు చూసుకుంటున్నాడు. అప్పుడు తెల్ల బట్టల ముసలమ్మల వరసలోంచి తొంభై ఏళ్ల క్వీనెస్టర్, ఆ చర్చికే పెద్దమ్మ, కర్ర ఊతంతో లేచింది.

"రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగించుకుంటే మన మొహాన ఉమ్మేసుకున్నట్టే. మిగిలింది నువ్వే, వెర్డెల్."

"మదర్ క్వీనెస్టర్, కార్యక్రమం ప్రకారం..." అన్నాడు రెవరెండ్.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఇక్కడ ఆమెన్ అంటున్నాను. కూర్చో నాయనా."

వెనకనుంచి చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఒక్కొక్కరే "నువ్వే" అన్నారు. ఆ మాట ముందు బెంచీదాకా వచ్చింది. లావాన్ జరగలేదు. జరిగింది అతని భార్య. వెర్డెల్ వెళ్లి ఓజెల్లా పెట్టెకు ఎదురుగా కూర్చుంది.

క్వీనెస్టర్ చేతిసంచీలోంచి కలం తీసి, తన పుస్తకంలో లావాన్ పేరు పైన వెర్డెల్ పేరు రాసి, కలం పక్కావిడకిచ్చింది. కొందరు "భార్య" అని రాశారు, కొందరు ఉత్త పేరే రాశారు. రాయనివాళ్లూ ఉన్నారు. రెవరెండ్ రాయలేదు.

తర్వాత భోజనాల దగ్గర ఎవరో, "ఇప్పుడు మనసు కుదుటపడిందా అక్కా?" అన్నారు.

"లేదు," అంది వెర్డెల్. "అడిగితే రాశారు. అడగకుండా రాయాల్సిన పేరది."

ఆ కోపం న్యాయమైనదే, నువ్వు దాన్ని చల్లార్చి చెప్పకు. ఎవరి బైబిల్లోనైనా పేరు లేని పుస్తకం కనబడితే, కలం తీసి అందరికంటే పైన వెర్డెల్ ప్రూయిట్ అని రాయి తల్లీ. ఎందుకు రాశావని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లనూ ఇంకొకరికి చెప్పమను.