ఆయనంత బరువు

ఆ జిమ్ములో ఉన్న ఇనుమంతా కరిగించి పోస్తే ఒక రైలింజను తయారై, మిగిలినదానితో అది నడవడానికి పట్టాలు కూడా వేసుకోవచ్చు. ఒకప్పుడది టైర్ల గోడౌను. టైర్లు పోయాయి గానీ వాటి వాసన మాత్రం అద్దె కట్టకుండా అక్కడే కాపురముంది. ఆ వాసనలోకి ఒక పొద్దున, మొగుడి పాత డ్రైవరు ప్యాంటును తన నడుముకు సరిపడా కుట్టుకుని తొడుక్కున్న దర్జీ అడుగుపెట్టింది. లోపల ఎగిరేవాళ్లు ఎగురుతూనే ఆగిపోయారు. గాల్లోనే ఆగారని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

"ఎవరికోసం వచ్చారాంటీ?" అని అడిగింది కోచ్. పాతికేళ్ల పిల్ల. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఆమెను ఈలమ్మ అంటారు.

"నాకోసమేనమ్మా. మోకాళ్లు పట్టేస్తున్నాయి."

అబద్ధం. మిషను తొక్కీ తొక్కీ ఆవిడ మోకాళ్లు గుర్రప్పిల్ల మోకాళ్లలా ఉన్నాయి. అసలు సంగతి ఇంట్లో మంచం మీద ఉంది. జీవితమంతా బస్సు నడిపిన భర్తకు పక్షవాతం వచ్చి ఎడమవైపంతా పడిపోయింది. ఇన్నాళ్లూ ఆయన్ను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టింది ఆవిడ తమ్ముడు. అతను దూరాన పని దొరికి వెళ్లిపోవడంతో ఆయన మంచానికే పరిమితమయ్యాడు. వెంటనే భర్త అన్నగారు దిగి, ఇలాంటివాళ్లను చూసుకునే ఒక హోంలో మాట్లాడేశానన్నాడు. గది ఖాళీ కాగానే కబురు చేస్తారట.

"ఈలోగా నేనే ఎత్తగలిగితే, బావగారూ?"

"నువ్వా? సూదిలో దారమెక్కించడం కాదమ్మా ఇది." అంతలో ఆయనే తగ్గాడు. "సరే, నా కళ్లముందు ఎత్తి కూర్చోబెట్టు. మళ్లీ హోం మాటెత్తితే నన్నడుగు."

ఈ సంగతి ఆవిడ జిమ్ములో ఎవరికీ చెప్పలేదు. మొగుణ్ని ఒక బరువు కింద లెక్కకట్టి పరాయివాళ్ల ముందు పెట్టడానికి నోరు రాలేదు.

జిమ్ములో గోడకు పెద్ద నల్లబల్ల. దానిమీద ఏ రోజు కసరత్తు ఆ రోజు రాసి ఉంటుంది. దాన్ని వాడ్ అంటారు. ఆమ్‌రాప్ అంటే గడియారం ఆగేలోగా ఎన్నిసార్లు చేయగలిగితే అన్నిసార్లు చేయడం. ఈమామ్ అంటే నిమిషం మారినప్పుడల్లా మళ్లీ మొదలెట్టడం. బర్పీ అంటే నేలమీద బోర్లా పడి, లేచి, ఎందుకు లేచామా అని గాల్లోకి ఎగరడం. ఇవన్నీ ఆవిడ ఇంటికొచ్చి భర్తకు చేసి చూపించేది. ఆయన నోరు ఒక పక్కే కదిలేది. ఆ ఒక పక్కతోనే నవ్వేవాడు.

"బర్పీ... నేనూ చేశానే. సగం. పడ్డా. లేవడం... మర్చిపోయా."

"మీ మొహం! ఆ సగం నేను చేస్తాలెండి."

బల్లమీద మూడు గడులుంటాయి. మొదటిది ఆర్‌ఎక్స్. రాసింది రాసినట్టు, ఒక్క కిలో తగ్గించకుండా చేసేవాళ్లది. రెండోది స్కేల్డ్. మనిషిని చూసి మార్చి ఇచ్చేది. మూడోది ఫౌండేషన్స్, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకు. ఆర్‌ఎక్స్ చేసినవాళ్ల పేర్లు ఎర్రసుద్దతో రాస్తారు. మిగతా జనాభాకంతా తెల్లసుద్దే.

కొన్నాళ్లు కుర్చీ ఎత్తు బాక్సు మీద కూర్చోబెట్టి లేపించాక, ఈలమ్మ ఒక ఇసుకమూట తెచ్చి ఆవిడ ముందు పడేసింది.

"ఆంటీ, ఇక మీకు స్కేల్డ్. దీన్ని కౌగిలించుకుని బాక్సు మీంచి లేపాలి. లేపి పక్కకు తిరగాలి. మెల్లగా దించాలి."

"అంటే తక్కువదన్నమాట."

"తక్కువ కాదాంటీ, మీకు సరిపోయేది."

"తెల్లసుద్దకు ఎన్ని ముద్దుపేర్లమ్మా!"

ఆ మూటకు పట్టూ లేదు, మర్యాదా లేదు. ఎత్తబోతే ఇసుకంతా ఒక పక్కకు జారిపోయేది. గడ్డం కింద దూరి ఊపిరాడనిచ్చేది కాదు. చచ్చీచెడీ లేపినా చూసే నాథుడు లేడు. అవతల ఇనుపకడ్డీకి చక్రాలు తగిలించి లేపేవాళ్ల చుట్టూ మాత్రం పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. పైగా ఆ చక్రాల మీద అంకెలున్నాయి. ఆవిడ కళ్లు ఆ అంకెల మీద పడ్డాయి.

భర్త బరువు డెబ్బై కిలోలు. ఆస్పత్రి కాటాలో తన కళ్లతో చూసింది. దర్జీ బుర్ర కొలతల బుర్ర. కొలత కుదిరితే జాకెట్టు కుదరాల్సిందే. కడ్డీ మీద డెబ్బై లేపిననాడు మంచం మీది డెబ్బై లేవక ఎక్కడికి పోతుంది?

"మూట నాకొద్దు. ఆ కడ్డీ ఇప్పించు."

"మూట ఇంకొన్నాళ్లు పడితే బాగుంటుందాంటీ. మోకాళ్లకు..." అని నసిగి, చివరికి నవ్వేసింది ఈలమ్మ. "సరే కానీండి. ఇష్టం ఉంటేనేగా రేపూ వస్తారు."

అలా కడ్డీ చేతికొచ్చింది. వారం వారం చక్రాలు పెరిగాయి. అరచేతులు కాయలు కాసి, కుట్టే పట్టుబట్టకు తగిలి పోగులు లేపేవి. ఈలోగా ఆ హోంలో గదిలో ఉన్నదెవరో గానీ, ఆ మొహమెరుగని మనిషి నూరేళ్లు బతకాలని ఆవిడ రోజూ కోరుకునేది. సొంత చుట్టాలు కూడా అంతగా కోరుకుని ఉండరు.

ఒక పొద్దున డెబ్బై లేచింది. కడ్డీ నేలను వదిలి తొడల మీదుగా పాకి నడుము దగ్గర నిలబడింది. జిమ్మంతా హోరెత్తింది.

"పీఆర్! ఆంటీ పీఆర్!"

పీఆర్ అంటే ఎవరి రికార్డు వాళ్లే బద్దలుకొట్టుకోవడం. ఈలమ్మ మొదటి గడిలో ఎర్రసుద్దతో "ఆంటీ" అని బారెడు అక్షరాలు రాసింది.

ఇంటికొచ్చేసరికి బావగారు భర్త మంచం పక్కన కూర్చుని ఉన్నాడు.

"గది ఖాళీ అయిందమ్మా. నిన్న రాత్రి."

ఎలా ఖాళీ అయిందని ఆవిడ అడగలేదు.

"కూర్చోండి బావగారూ. చూస్తూ ఉండండి."

చక్రాల కుర్చీని మంచానికి ఆనించి బ్రేకు వేసింది. భర్తను మంచం అంచున కూర్చోబెట్టింది. పాదాలు ఎడంగా పెట్టింది, వెన్ను నిటారుగా నిలిపింది, గుండెలనిండా గాలి బిగబట్టింది. అన్నీ నేర్చుకున్నట్టే. చేతులు ముందుకు చాచాక, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. కడ్డీకైతే చేతులు పెట్టే చోటుంది.

"ఏమే... వద్దులే," అన్నాడు ఆయన.

"ఊరుకోండి. డెబ్బైయేగా."

చంకల కింద చేతులేసి లేపింది. లేచాడు. నిజంగానే లేచాడు. బావగారు కుర్చీలోంచి సగం లేచి "అరె" అన్నాడు. పక్కకు తిరగబోతుండగా ఆయన ఒంట్లో బరువంతా పడిపోయిన వైపుకు జారింది. తల ఆవిడ గడ్డం కింద దూరింది. చొక్కా పైకి లేచిపోయి చేతుల్లో ఒట్టి గుడ్డ మిగిలింది. వదిలేస్తే బద్దలయ్యేది కడ్డీ కాదు కాబట్టి ఆవిడ వదల్లేదు. ఇద్దరూ కలిసే పడ్డారు. కింద ఆయన, మీద ఆవిడ.

తుంటి ఎముక విరిగిన చప్పుడు బావగారికి కూడా వినిపించింది.

"నీకేం... కాలేదుగా?" అన్నాడు ఆయన నేలమీంచి.

బావగారు ఫోను తీసి అంబులెన్సును పిలిచాడు.

ఆస్పత్రి వరండాలోకి ఈలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. అప్పుడు చెప్పింది దర్జీ, మొదటినుంచీ, మోకాళ్ల అబద్ధంతో సహా.

"ఒక్క మాట చెప్పుంటే ఆ మూట మిమ్మల్ని వదలనిచ్చేదాన్నే కాదాంటీ. అది మనుషుల్ని ఎత్తడానికే."

దర్జీ తలూపింది. ఈలమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు. తప్పు కొలత తీసినదెవరో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

హోంలో గది శుభ్రంగానే ఉంది. కిటికీ ఉంది, కిటికీలోంచి పక్క గోడ ఉంది. రోగుల్ని బంధువులు కదపకూడదని తలుపు మీద రాసి ఉంది. ఆవిడ మధ్యాహ్నాలు మిషను మూసేసి వచ్చి కూర్చుంటుంది. ఆయన జోకులు మానేశాడు. సాయంత్రమయ్యేసరికి దిండు మీంచి కిందికి జారిపోతాడు, మెడ వంకరవుతుంది.

"కొంచెం... పైకి," అన్నాడు ఈరోజు.

ఆవిడ లేచి రెండు చేతులూ ఆయన భుజాల కిందికి పోనిచ్చింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అది చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

మంచం తలాపు దగ్గర, ఆయాను పిలవడానికి పెట్టిన మీట నొక్కింది. నడవాలో ఎక్కడో గంట మోగింది. ఇద్దరూ తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు.